ధ్యానంలో మనసు ఎటో పోతోందా? తిట్టకుండా వెనక్కి తెచ్చుకోవడం ఎలా

"కళ్లు మూసుకుంటే చాలండీ, ఎక్కడెక్కడి ఆలోచనలూ అప్పుడే వచ్చి పడతాయి. నాకు ధ్యానం కుదరదేమో." వారానికి ఒక్కరైనా నాతో ఈ మాట అంటారు. గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద పొద్దున్నే ఆరేడుగురం కలిసి కూర్చుంటాం. ఇందులో గురువులు, శిష్యులు అని ఏమీ లేదు, ఒక్కళ్లమే కూర్చుంటే బద్ధకం వస్తుందని కలిసి కూర్చోవడం, అంతే. గ్రూప్స్‌కి చదువుతున్న అమ్మాయి వస్తుంది, మిర్చి కమీషన్ కొట్టులో గుమస్తా వస్తాడు, రిటైరైన లెక్కల మాస్టారు వస్తారు. మొదటి వారంలో అందరూ అడిగేది ఇదే, ఫోన్ చేసేవాళ్లు అడిగేదీ ఇదే. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒకసారి మొత్తం రాసి పెడదామనిపించింది.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మనసు ఎటూ పోకుండా కూర్చోవడం మనం నేర్చుకునే పని కాదు. పోయిందని తెలుసుకోవడం, తెలిసిన వెంటనే గొడవ లేకుండా తిరిగి రావడం, ఈ రెండే పని. పోవడం దాని స్వభావం. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు 2,250 మందిని రోజులో ఎప్పుడు పడితే అప్పుడు ఫోన్‌లో పలకరించి "ఇప్పుడు మీ మనసు చేస్తున్న పని మీదే ఉందా" అని అడిగితే, దాదాపు 47 శాతం సార్లు లేదనే జవాబు వచ్చింది. పని చేసుకుంటున్నప్పుడే అలా ఉంటే, ఏ పనీ లేకుండా కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు పోకుండా ఎలా ఉంటుంది చెప్పండి? భగవద్గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకంలోనూ ఉన్నది అదే: మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోవాలి. ఎన్నిసార్లు అనే లెక్క అందులో లేదు. సిద్ధాంతం ఇక్కడితో చాలు, పనిలోకి వెళ్దాం.

ఏమేం కావాలి

- పది నిమిషాలు. అంతకన్నా ఎక్కువ వద్దు, మొదటి రెండు వారాలు అస్సలు వద్దు. పది కూడా కుదరకపోతే ఐదు.
- కుర్చీ, లేదా నాలుగు మడతలు పెట్టిన దుప్పటి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటం లేకుండా కుర్చీలోనే కూర్చోండి.
- ఫోన్‌లో టైమర్, మెత్తని శబ్దం పెట్టుకుని. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. సైలెంట్‌లో పెడితే సరిపోదు, బల్ల మీద గుర్రుమన్నా మనసు లేచి వెళ్లిపోతుంది.
- ఒక చీటీ, పెన్ను.
- రెండు చిన్న గిన్నెలు, ఒక యాభై చింతపిక్కలు. ఇవి రెండో వారంలో కావాలి, ఎందుకో తర్వాత చెబుతాను.

అగరొత్తులు, వీణ సంగీతం, పద్మాసనం, తెల్లబట్టలు, ఇవేవీ అవసరం లేదు. ఇష్టమైతే పెట్టుకోండి, అవి లేవని మాత్రం ఆగకండి. దోమలతో ఇబ్బంది ఉంటే దోమతెర లోపల మంచం మీదే కూర్చోవచ్చు. మస్కిటో కాయిల్ మాత్రం మొహానికి దగ్గరగా పెట్టుకోకండి, ఊపిరి గమనించడానికి కూర్చుని ఆ పొగ పీల్చడం మంచిది కాదు. మా ఊరి మిర్చి యార్డు చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి ఘాటు తెలిసిందేగా. ఆ నెలల్లో లారీల హడావిడి మొదలవకముందే, కిటికీ వేసుకుని కూర్చోండి.

1. ముందు చీటీ రాయండి

కూర్చోబోయే ముందు ఒక్క నిమిషం. తలలో తిరుగుతున్న పనులన్నీ చీటీ మీద పెట్టండి. "కరెంటు బిల్లు. పాపకి ఫీజు. అన్నయ్యకి ఫోన్. గ్యాస్." ఒక్కో పనికి ఒక్కో మాట చాలు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు కానీ నా అనుభవంలో సగం తిప్పలు ఇక్కడే తగ్గుతాయి. మరిచిపోతామేమో అన్న భయంతోనే మనసు ఆ పనులను పదే పదే పైకి తెస్తూ ఉంటుంది, కాగితం మీద పెట్టాక దానికి ఆ అవసరం ఉండదు. చీటీ మీకు కనిపించేలా కాకుండా వెనకవైపు పెట్టుకోండి.

2. కూర్చోండి

పాదాలు రెండూ నేలకు ఆనాలి. వీపు కుర్చీకి జారబడకుండా, అలాగని కర్రలా బిగబట్టకుండా ఉంచండి. చేతులు తొడల మీద. దవడ ఒకసారి వదులు చేయండి, నాలుక కూడా, చాలామందికి తెలియకుండానే నాలుక అంగిట్లో బిగుసుకుని ఉంటుంది. కళ్లు మూసుకుంటే నిద్ర వచ్చేవాళ్లు సగం తెరిచి మూడడుగుల దూరంలో నేలను చూస్తూ కూర్చోండి. భోజనం చేసి రెండు గంటలైనా గడవాలి. ఆవకాయ, పప్పు, నెయ్యితో కడుపునిండా తిని కూర్చుంటే వచ్చేది నిద్రే.

3. ఒక కుదురు ఎంచుకోండి

బిందె కింద పెట్టే కుదురు తెలుసుగా. అడుగు గుండ్రంగా ఉన్న బిందె నేల మీద నిలవదు, కింద చుట్టకుదురు పెడితే నిలుస్తుంది. "కుదురుగా కూర్చో" అని పిల్లలతో అనే మాటలో ఉన్నది ఆ కుదురే. మనసుకీ అలాంటిది ఒకటి కావాలి, తిరిగి వచ్చి ఆనడానికి. ఈ నాలుగింటిలో ఒకటి తీసుకోండి:

- ముక్కు కొన దగ్గర ఊపిరి తగిలే చోటు. లోపలికి వెళ్లేటప్పుడు చల్లగా, బయటికి వచ్చేటప్పుడు కాస్త వెచ్చగా ఉంటుంది.
- ఊపిరికి పొట్ట పైకీ కిందికీ కదలడం. ముక్కు దగ్గర ఏమీ తెలియట్లేదు అనేవాళ్లకు ఇది తేలిక.
- పాదాలు నేలకు తగిలే స్పర్శ. ఆయాసం, జలుబు ఉన్నవాళ్లు, ఊపిరి మీద ధ్యాస పెడితే కంగారు పడేవాళ్లు దీన్నే తీసుకోండి.
- మీకు అలవాటైన నామం, ఏ మతం వాళ్లయినా సరే. ఊపిరితో పాటు మనసులో మెల్లగా అనుకోవడం.

ఏది తీసుకున్నా వారం పాటు మార్చకండి. "ఈరోజు ముక్కు కుదరలేదు, రేపు పొట్ట చూద్దాం" అనేది కూడా పరాకే, కాకపోతే కాస్త పద్ధతైన పరాకు.

ఊపిరిని మీరు నడపకండి. పొడుగ్గా లాగడం, బిగబట్టడం వద్దు, అది ప్రాణాయామం, వేరే సంగతి. నడుస్తున్న ఊపిరిని అలాగే నడవనివ్వండి.

4. పది దాకా లెక్కపెట్టండి

ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అంకె. పది దాకా వెళ్లి మళ్లీ ఒకటి. మధ్యలో లెక్క తప్పితే ఒకటి నుంచి మొదలుపెట్టండి. ఒక్కోసారి పదిహేడు, పద్దెనిమిది దాకా వెళ్లిపోయి ఉలిక్కిపడతారు, అంటే నోరు లెక్కపెడుతోంది, మీరు ఇంకెక్కడో ఉన్నారు. అప్పుడూ ఒకటే. పది దాకా ఒక్కసారీ వెళ్లలేకపోయానని ఎవరైనా అంటే నేను చెప్పేది, పదికి చేరితే ఇచ్చే బహుమతి ఏమీ లేదు. లెక్క ఉన్నది తప్పినప్పుడు తెలియడానికి మాత్రమే. జపం చేసేవాళ్లకు లెక్క అక్కర్లేదు.

5. పోయిందని తెలిసిన క్షణంలో ఏం చేయాలి

ఇదే అసలు భాగం, దీని కోసమే ఇదంతా రాస్తున్నాను, నిదానంగా చదవండి.

మొన్న సోమవారం నాకు జరిగింది చెబుతాను. ఊపిరి మూడు దగ్గర ఉన్నాను. పక్కింటి కుక్కర్ విజిల్ వేసింది. పప్పు అనుకున్నాను. మామిడికాయ పప్పేమో. ఈ ఏడు ఆవకాయ పెట్టలేదు. అమ్మ ఉన్నప్పుడు జాడీలు ఆ మూల ఉండేవి. కారం పట్టించాలి, రేటెంతో. పోయినేడు కారం డబ్బులు కూడా చేతిలో లేకుండా చేశాడు కదా అని ఒక బంధువు గుర్తొచ్చాడు, నా దగ్గర తీసుకుని ఇవ్వని బాకీ గుర్తొచ్చింది. తెలిసేసరికి నేను ఎవరిదో పెళ్లిలో, భోజనాల బంతిలో, అందరి ముందూ అతన్ని నిలదీస్తున్నాను. గుండె కొట్టుకుంటోంది, పిడికిలి బిగుసుకుంది. మొత్తం కలిపి ఒక నిమిషం కూడా అయి ఉండదు.

బ్రాడీపేట తెలిసినవాళ్లకు ఇలా చెబితే బాగా అర్థమవుతుంది. మా దగ్గర అడ్రస్ అంటే లైను, అడ్డరోడ్డు. నాలుగో లైనులో నడుస్తూ పరాకులో ఒక అడ్డరోడ్డు తిరిగి, అక్కడి నుంచి ఇంకో లైను, ఇంకో అడ్డరోడ్డు, చివరికి ఎక్కడున్నానో తెలియకుండా నిలబడడం కొత్తవాళ్లకు మామూలే. నిజంగా నడిచి వెళ్తే వచ్చిన దారంతా వెనక్కి నడవాలి. మనసుకి ఆ బాధ లేదు. పెళ్లి నుంచి బాకీకి, బాకీ నుంచి కారానికి, కారం నుంచి కుక్కర్‌కి వెతుక్కుంటూ రానక్కర్లేదు. అసలు ఇక్కడికెలా వచ్చానని ఆరా తీయడం మరో అడ్డరోడ్డు తిరగడమే. ఊపిరి ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు నడుస్తున్న ఊపిరిని పట్టుకుంటే సరిపోతుంది.

చేయాల్సింది వరసగా:

అ) తెలిసింది. ఇక్కడ అర క్షణం ఆగండి. "అయ్యో, మళ్లీ పోయానే" అని రాబోతుంది, దానికి చోటివ్వకుండా "ఆఁ, తెలిసింది" అనుకోండి. పోయినంతసేపూ మీకు తెలియదు, తెలిసిన ఈ క్షణంలో మీరు మెలకువగా ఉన్నారు. పది నిమిషాల్లో అన్నిటికన్నా విలువైన క్షణం ఇది. చాలామంది సరిగ్గా ఇక్కడే తమను తాము తిట్టుకుంటారు. పిల్లవాడు బడి నుంచి ఇంటికి రాగానే గుమ్మంలో కొడితే రేపు ఇంటికి రావడానికి భయపడతాడు, మనసూ అంతే.

ఆ) ఒక్క మాటతో పేరు పెట్టండి. "పని." "దిగులు." "వాదన." "జ్ఞాపకం." ఒక్క మాటే. "మా ఆడపడుచు పోయిన సంక్రాంతికి అన్నదాని గురించి కోపం" అని వివరంగా పెడితే మళ్లీ అందులోకి జారిపోయినట్టే. మా వీధిలో ఒక అక్క మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. ఒకసారి ఇంటి దగ్గర కాయలు ముందేసుకుని కూర్చుంటే పక్కన కూర్చుని చూశాను. బొటనవేలు, చూపుడువేలు, తొడిమ దగ్గర చిన్న గిల్లుడు, కాయ కుప్పలోకి. నేనూ ఒకటి తీయబోయి కాయంతా పట్టుకున్నాను. "నలపకమ్మా, గింజ రాలిపోద్ది, తొడిమ దగ్గర గిల్లు చాలు" అంది. పేరు పెట్టడం అంటే నాకు అదే గుర్తొస్తుంది. ఆలోచన మొత్తాన్ని పిడికిట్లో పట్టుకోనక్కర్లేదు, తొడిమ దగ్గర తాకి వదిలేయాలి.

ఇ) ఒళ్లు వదులు చేయండి. ఆలోచన పోయినా దాని బిగువు ఒంట్లో ఉండిపోతుంది. భుజాలు, దవడ, పొట్ట ఒకసారి చూసుకుని, ఒక్క ఊపిరి నిదానంగా వదలండి. ఈ మెట్టు దాటేసి నేరుగా ఊపిరి దగ్గరికి పరుగెత్తితే రెండు నిమిషాల్లో అదే ఆలోచన మళ్లీ తలుపు కొడుతుంది.

ఈ) "ఒకటి." తర్వాతి ఊపిరితో లెక్క మొదలు.

రాసేటప్పుడు పొడుగ్గా ఉంది కానీ చేసేటప్పుడు ఇదంతా రెండు ఊపిర్ల పని. మొదట్లో నాలుగూ గుర్తుండకపోతే మొదటిదీ చివరిదీ చేయండి: తెలిసింది, ఒకటి.

6. ఒకే ఆలోచన మళ్లీ మళ్లీ వస్తుంటే

కొన్ని ఆలోచనలు పేరు పెడితే పోవు. అప్పు, ఇంట్లో జబ్బు, పిల్లల పరీక్షలు, పోయినవాళ్లు. వాటిని ఊపిరితో తరిమేద్దామని చూడకండి. కోతిని తలుచుకోకుండా మందు తాగమంటే ఏమవుతుందో మనందరికీ తెలిసిందే. ఒక ఆలోచన మూడోసారి వచ్చిందంటే, కుదురుని కాసేపు పక్కన పెట్టి, అది ఒంట్లో ఎక్కడ తగులుతోందో చూడండి. గొంతులోనా, ఛాతీలో బరువుగానా, పొట్టలో తిప్పినట్టుగానా? కథ వద్దు, ఆ చోటు మాత్రమే. ఐదారు ఊపిర్లు అక్కడే ఉండండి. కాస్త సడలితే సరే, సడలకపోయినా సరే, మళ్లీ ముక్కు దగ్గరికో పాదాల దగ్గరికో వచ్చేయండి. కళ్లు చెమ్మగిల్లితే తుడుచుకోండి, తప్పేం లేదు, మా మేడ మీద అది చూడని వారం లేదు.

నిజంగా అర్జెంటు పని గుర్తొస్తే, పొయ్యి మీద పాలు మరిచిపోతే, లేచి వెళ్లండి. కట్టేసి వచ్చి మళ్లీ కూర్చోండి. మంచి ఐడియా వచ్చింది, రాసుకోకపోతే పోతుందేమో అనిపిస్తే మాత్రం లేవకండి, అవసరమైనది పది నిమిషాల తర్వాత మళ్లీ వస్తుంది. ఒకటి రెండు పోయినా నష్టం లేదు.

7. నిద్ర, చిరాకు, చప్పుళ్లు

నిద్ర వస్తే కళ్లు తెరవండి, వీపు సర్దుకోండి, అప్పటికీ తల వాలుతుంటే లేచి నిలబడి చేయండి. వారమంతా ఇదే వరస అయితే ధ్యానం సంగతి తర్వాత, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారో చూసుకోండి.

కాలు జివ్వుమన్నా, దురద పెట్టినా ఒక ఊపిరి ఆగి, నెమ్మదిగా కదిలి, మళ్లీ కూర్చోండి. బిగదీసుకుని ఓర్చుకోవడం గొప్ప కాదు.

చప్పుళ్ల గురించి: మా మేడ మీదికి స్టేషన్ నుంచి రైలు కూతలు వినిపిస్తాయి, గుడి మైకు, నమాజు పిలుపు, చెత్తబండి పాట, అన్నీ వినిపిస్తాయి. నిశ్శబ్దం కోసం ఎదురుచూస్తే ఊళ్లో ఉన్నవాళ్లెవరూ కూర్చోలేరు. రైలు కూతను "చప్పుడు" అని గుర్తించి వదిలేయండి. మరీ ఎక్కువైతే ఆ పూటకి చప్పుడునే కుదురు చేసుకోవచ్చు, వస్తోంది, ఉంది, పోయింది అని వింటూ. చప్పుడు చేసేవాళ్ల మీద కోపం మొదలైతే దాని పేరు "వాదన".

8. లేచేటప్పుడు

టైమర్ మోగగానే ఫోన్ మీద పడకండి. మూడు ఊపిర్లు ఉండండి, చేతులు రుద్దుకోండి, కళ్లు తెరవండి. చీటీ వెనక ఒక్క ముక్క రాయండి: "ఈరోజు ఎక్కువగా: పని" లేదా "దిగులు". ఏరోప్లేన్ మోడ్ తీయడం మరిచిపోకండి, మా గుమస్తా ఒకరోజు మధ్యాహ్నం దాకా మరిచిపోయి ఇంట్లోవాళ్లను కంగారు పెట్టాడు.

ఎక్కువమంది చేసే తప్పులు

ఆలోచనలు ఆపాలని చూడడం అన్నిటికన్నా పెద్ద తప్పు. నుదురు చిట్లించి, కనుబొమల మధ్య బలంగా ధ్యాస పెట్టి కూర్చుంటారు, పది నిమిషాలకి తలనొప్పితో లేస్తారు. తల బరువెక్కుతోందంటే బలవంతం చేస్తున్నారని అర్థం, వెంటనే ధ్యాస పాదాల దగ్గరికి దించండి.

రెండోది, ఒకరోజు అనుకోకుండా హాయిగా గడుస్తుంది, మరుసటి రోజు నుంచి దాన్నే వెతుక్కుంటారు. లెక్కల మాస్టారు దీనితోనే రెండు నెలలు ఇబ్బంది పడ్డారు. మూడో రోజున ఆయనకు ఒళ్లు తెలియనంత ప్రశాంతంగా ఉందట, ఇక రోజూ లేచాక మొహం దిగులుగా పెట్టుకుని "అది రాలేదండీ" అనేవారు. "మాస్టారూ, ఆ రోజు మీరు చేసిందేమిటి, కూర్చోవడమే కదా, ఈరోజూ అదే చేశారు" అని చెప్పీ చెప్పీ చివరికి ఆయన దాన్ని వదిలేశారు. ఇప్పుడు మా అందరికన్నా కుదురుగా కూర్చునేది ఆయనే.

మూడోది, మధ్యలో కళ్లు తెరిచి టైమర్ చూడడం. ఫోన్ చేతికందని చోట పెట్టండి, అంతే.

నాలుగోది, ఉత్సాహంలో మొదటి వారమే గంట కూర్చుని రెండో వారం మానేయడం. ఇది ఎక్కువగా యువకుల్లో చూస్తున్నాను. పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లిపోమంటారా అని కూడా అడుగుతారు, నాగార్జునసాగర్‌లో జరుగుతాయి, ఫీజు ఉండదు, మంచివే. కానీ అక్కడ మౌనంగా రోజుకి పది గంటల దాకా కూర్చోవాలి. ముందు ఇంట్లో రోజూ పది నిమిషాలు మూడు నెలలు కూర్చుని చూసుకుని వెళ్లండి అని నా సలహా.

కుదురుతోందో లేదో ఎలా తెలుస్తుంది

ఇప్పుడు చింతపిక్కల సంగతి. రెండో వారంలో ఒక రోజు, ఒక్క రోజే, రెండు గిన్నెలు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. పిక్కలన్నీ ఎడమ గిన్నెలో. పోయిందని తెలిసి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఒక పిక్క కుడి గిన్నెలోకి. టక్ మన్న చిన్న చప్పుడు వస్తుంది, నున్నగా వేళ్లకు తగులుతుంది, ఆ స్పర్శే తిరిగి రావడానికి సాయం చేస్తుంది. లేచాక లెక్కపెట్టి చీటీ మీద తేదీతో రాయండి. మూడో వారంలో మళ్లీ ఒక రోజు, నాలుగో వారంలో మళ్లీ.

ఇక్కడ అందరూ తడబడతారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. పిక్కలు పెరిగితే చెడ్డ కాదు. గ్రూప్స్ అమ్మాయికి మొదటి రోజు పిక్కలు నాలుగు, తర్వాతి వారం పంతొమ్మిది. దాదాపు ఏడ్చినంత పనైంది, దిగజారిపోయానని. నిజానికి మొదటి రోజు నాలుగుసార్లే తెలిసింది, ఒక్కోసారి రెండేసి నిమిషాలు కొట్టుకుపోయి ఉంటుంది. తర్వాతి వారం పంతొమ్మిది సార్లు తెలిసింది, అంటే తొందరగా తెలుస్తోంది. ఆ తర్వాత ఆమె అంకె పన్నెండుకి వచ్చింది, మళ్లీ పదహారుకి వెళ్లింది, పరీక్షల ముందు ముప్ఫై దాటింది. అంకె పైకీ కిందికీ పోతూనే ఉంటుంది. దాన్నిబట్టి మార్కులు వేసుకోవద్దు. రోజూ పిక్కలతో కూర్చోవద్దనేది కూడా అందుకే, ధ్యానం పోయి పోటీ అవుతుంది.

మరి దేన్ని చూసుకోవాలి? మూడు విషయాలు.

పరాకులో ఎంత దూరం వెళ్లాక తెలుస్తోంది? మొదట్లో పెళ్లిలో గొడవ దాకా వెళ్లాక తెలుస్తుంది. కొన్ని వారాలకు కారం రేటు దగ్గర, ఒక్కోసారి కుక్కర్ విజిల్ దగ్గరే తెలుస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు లోపల మీ గొంతు ఎలా ఉంది? విసుగ్గా ఉందా, మామూలుగా ఉందా? ఇది మెత్తబడితే మిగతా అంతా దానంతటదే వస్తుంది.

ధ్యానంలో లేని మిగతా వేళల్లో ఏం మారుతోంది? శంకర్ విలాస్ సెంటర్లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, వెనకవాడు హారన్ కొడుతుంటే, ఒళ్లు బిగుసుకుంటోందని మీకు తెలిసిందా? ఇంట్లో మాట తూలబోయే ముందు ఒక్క ఊపిరంత ఖాళీ దొరికిందా? కూర్చోవడంలో అసలు లాభం మేడ మీద కంటే ఇక్కడే ఎక్కువ కనిపిస్తుంది. మీకు తెలియకపోతే ఇంట్లోవాళ్లను అడగండి, వాళ్లకు ముందు తెలుస్తుంది. ఒక నెల గడిచినా ఈ మూడింట్లో ఒక్కటీ కదలకపోతే కుదురు మార్చి చూడండి, లేదా సాయంత్రం నుంచి పొద్దుటికి, పొద్దుటి నుంచి సాయంత్రానికి వేళ మార్చండి.

ఎప్పుడు ఆపాలి

ఇది తప్పకుండా చదవండి. కూర్చుంటే భయం ముంచుకొస్తున్నా, ఊపిరాడనట్టు అనిపిస్తున్నా, పాత దెబ్బలేవో కళ్ల ముందు జరుగుతున్నట్టే కనిపిస్తున్నా, ధ్యానం మొదలుపెట్టాక నిద్ర పూర్తిగా పోయినా ఆపేయండి. కళ్లు తెరిచి గదిలో ఐదు వస్తువుల పేర్లు బయటికి అనండి, చన్నీళ్లతో మొహం కడుక్కోండి, కాసేపు నడవండి. మళ్లీ మళ్లీ అలాగే ఉంటే ఓర్చుకుని కూర్చోవద్దు, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, దాని నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. డిప్రెషన్‌కో ఆందోళనకో మందులు వాడుతున్నవాళ్లు ధ్యానం చేస్తున్నాం కదా అని మందులు మానొద్దు. డాక్టరుకి చెప్పి రెండూ చేసుకోండి.

మిగిలిన ఒకటి రెండు

రోజులు తప్పితే? తప్పిన రోజుల అప్పు తీర్చడానికి ఒకేరోజు అరగంట కూర్చోకండి. ఈరోజు పది నిమిషాలు, అంతే. ఊరెళ్లినా, ఇంట్లో చుట్టాలున్నా, బాత్రూమ్ తలుపు వేసుకుని మూడు నిమిషాలైనా సరే.

సమయం ఎప్పుడు పెంచాలి? నెల రోజుల్లో కనీసం ఇరవై రోజులు కూర్చున్నాక, టైమర్ మోగినప్పుడు "అప్పుడేనా" అని కొన్నిసార్లు అనిపించాక, పదిహేను చేయండి. ఇరవై దగ్గర చాలాకాలం ఆగవచ్చు.

పిల్లలు కూర్చోవచ్చా? అడిగితే కూర్చోనివ్వండి, రెండు నిమిషాలు, చింతపిక్కలతో అయితే వాళ్లకు మరీ ఇష్టం. అల్లరి మాన్పించడానికి శిక్షలా మాత్రం కూర్చోబెట్టకండి.

చింతపిక్కలు ఇంట్లో చింతపండు నుంచి తీసినవైతే గుజ్జంతా పోయేలా కడిగి రెండు రోజులు మేడ మీద ఎండబెట్టండి, తడి మీద గిన్నెలో వేస్తే చీమలు పడతాయి. స్టీలు గిన్నె కన్నా చెక్కదో ప్లాస్టిక్‌దో మంచిది, చప్పుడు తక్కువ.